చిన్న ముక్కకి ఏ మాగ్నెట్? కొనేది ఓనరు, పోయేది మన వేలు

పోయిన నెల పూండి స్టేషన్ బయట టీ కొట్టు కాడ కూర్చుని ఉంటే, వరసకి నాకు కొడుకయ్యే కుర్రాడొకడు బండి ఆపి దిగినాడు. బాలానగర్‌లో ఎనిమిదేళ్లు టూల్ రూమ్‌లో పని చేసి ఈమధ్యే ఊరికి వచ్చేసినాడు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టినాడు.

"సిన్నాన్నా, కాశీబుగ్గలో సిన్న షెడ్డు ఎడదామనుకుంతన్నాను. జీడి కటింగ్ మిషన్ల బ్లేడ్లు, స్పేసర్లు, పంచులు... ఇలగ సిన్న సిన్న ముక్కలు గ్రైండింగ్ సేస్తాను. సెకండ్ హ్యాండ్ సర్ఫేస్ గ్రైండర్ దొరికింది. మాగ్నెట్ సక్కు మాత్రం కొత్తది కొనాల. ఈ కొటేషన్ సూడు. పెద్ద పవరుది తీసుకోమంతన్నాడు డీలరు. పవరెక్కువుంటే మంచిదే గదా?"

చూసినాను. కరెంటుతో పనిచేసే చక్. పట్టు బలం ఎంతో లావు అక్షరాలతో వేసినారు. పైన గీతలు ఎంత దూరంలో ఉంటాయో రాయలేదు. కరెంటు పోతే ఏటవుతాదో అంతకన్నా రాయలేదు. లోను డబ్బుతో కొంటన్నాడు. తప్పు సామాను కొంటే నెల నెలా కట్టుకుంటూ దాని ముందే నిలబడాల.

"ఒరే, ఇప్పుడే సంతకం పెట్టకు" అన్నాను. ఎందుకో చెప్పడానికి ఒక టీ సరిపోలేదు, రెండో టీ కూడా సరిపోలేదు. అందుకే ఇక్కడ రాస్తన్నాను.

జీడి పిక్కల రేటు గురించి, కిడ్నీ రోగుల గురించి, వంశధార శివారు పొలాలకి అందని నీళ్ల గురించి రాసుకునేవాడు ఇప్పుడు మిషన్ సామాను మీద పడ్డాడేటి అని నవ్వుకోకండి. ఉద్దానంలో ఏ వీధికి వెళ్లినా వలస పోయిన పిల్లలున్న ఇల్లు కనబడతాది. బాలానగర్, జీడిమెట్ల, విశాఖ ఆటోనగర్, చెన్నై, గుజరాత్. అక్కడ మిషన్ల ముందు నిలబడేది మనోళ్లే. ఆ మిషన్ ముక్కని ఎలగ పట్టుకుంటాదో, ఎప్పుడు ఒగ్గేస్తాదో మన మాటల్లో చెప్పేవాడు లేడు. నాకూ ఎవరూ చెప్పలేదు. నేను నేర్చుకున్నదానికి పక్కనోడి వేలు ఖర్చయింది.

బాలానగర్ షెడ్డులో ఆ మధ్యాహ్నం

పదో తరగతి తప్పినాక పలాసలో ఫలక్‌నుమా ఎక్కి సికింద్రాబాద్‌లో దిగినోణ్ని నేను. బాలానగర్ అప్పటికే పెద్ద పనివాడ. టూల్ డిజైన్ నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ, జనం సీఐటీడీ అంటారు, 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో అక్కడే పెట్టినారు. దాని చుట్టుపక్కల ఎన్నో చిన్న షెడ్లు. గోడ లోపల చదువుకునేవాళ్లకి లెక్క చెప్తారు. గోడ బయట పనిచేసేవాళ్లకి "చూసి నేర్చుకో" అంటారు. నేను గోడ బయటోణ్ని.

పేరు వద్దు గానీ, ఒక షెడ్డులో నేను, సోంపేట వైపు నుంచి వచ్చిన ఇంకొకడు పక్కపక్కన పనిచేసేవాళ్లం. ఒక మధ్యాహ్నం వాడు అంగుళం సగం ఉన్న ఉక్కు ముక్కలు డజను వరసగా మాగ్నెట్ మీద పేర్చి గ్రైండింగ్ చేస్తన్నాడు. కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది. లైటు ఆరి వెలిగినంతసేపే. ఆ క్షణంలో మాగ్నెట్ ఒగ్గేసింది. వీల్ మాత్రం ఆగలేదు. మూడు నాలుగు ముక్కలు లేచినాయి, ఒకటి గోడకి కొట్టుకుంది, ఒకటి వీల్ అంచుని పగలగొట్టింది. కూలెంట్ పైపు సరిచేస్తన్న వాడి చూపుడు వేలు రెండు కణుపులు పోయినాయి.

"చూపెక్కడ పెట్టినావురా?" అన్నాడు ఓనరు. కొంత డబ్బు చేతిలో పెట్టి ఊరికి పంపించేసినాడు.

చాలా ఏళ్లు నేను కూడా అది వాడి ఏమరుపాటే అనుకున్నాను. తరవాత కేటలాగులు, పాత పుస్తకాలు సంపాదించి, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివితే తెలిసింది. ఆ రోజు మూడు తప్పులు జరిగినాయి. చిన్న ముక్కలకి పెద్ద గీతల చక్ వాడినారు. కరెంటు ఊగిసలాడే చోట, రక్షణ ఏర్పాటు లేని కరెంటు మాగ్నెట్ పెట్టినారు. ముక్కలకి చుట్టూ కాపు పెట్టుకోడానికి పట్టీలు ఇవ్వలేదు. మూడూ ఆ మధ్యాహ్నం జరిగినవి కాదు, సామాను కొన్న రోజే జరిగిపోయినాయి.

పీకడం వేరు, జారడం వేరు

టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ పాలిష్ చూసినోళ్లకి గ్రైండింగ్ కొత్త కాదు. కానీ రాతి పలక తన బరువుతో తానే కూర్చుంటాది. పది గ్రాముల ఉక్కు ముక్కకి ఆ బరువు లేదు. బిగించుదామంటే వైస్ దవడ పట్టేంత చోటు ఉండదు, పైగా పట్టుకుంటే వంగిపోతాది. అందుకే మాగ్నెట్ చక్. బల్ల మీద మాగ్నెట్, దాని మీద ముక్క. షాపులో ఆ ముక్కని 'జాబ్' అంటారు. పైన వీల్ తిరుగుతాది.

ఆ వీల్ వేగం ఎంతో చూడండి. 200 మిల్లీమీటర్ల వీల్ నిమిషానికి 2800 చుట్లు తిరిగితే, అంచు వేగం సెకనుకి 29 మీటర్లు. అంటే గంటకి నూరు కిలోమీటర్లకి పైనే. కోత మాత్రం చాలా సన్నం. చివరి కోతలు ఐదు మైక్రాన్లు, పది మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం మామూలుగా యాభై మైక్రాన్లకి తక్కువ ఉండదు. అంత వేగం, అంత సన్నం పని. మధ్యలో జాబ్ ఒక్క పిసరు కదిలినా సైజు పోతాది, ఎక్కువ కదిలితే ఎగిరిపోతాది.

ఇక్కడే డీలరు లావు అక్షరాల మోసం ఉంది. మంచి చక్ పట్టు చదరపు సెంటీమీటరుకి 100 న్యూటన్ల దరిదాపు అని చెప్తారు. అంటే పది కిలోలు. అబ్బో అనిపిస్తాది. కానీ అది నిటారుగా పైకి పీకితే చూపించే బలం. అదీ మందంగా, నున్నగా, మెత్తటి ఉక్కుతో చేసిన దిమ్మ మీద కొలిచినది. వీల్ జాబ్‌ని పైకి పీకదు, పక్కకి తోస్తాది. పక్కకి జారకుండా ఆపేది మాగ్నెట్ నేరుగా కాదు, ఆ ఒత్తిడి వల్ల పుట్టే రాపిడి. తడి గచ్చు మీద పీట వేసి కూర్చోండి. మీ బరువంతా దాని మీదే ఉంటాది, అయినా పక్కనోడు ఒక్క తోపు తోస్తే జారిపోతాది. కూలెంట్ పడుతున్న చక్ మీద జాబ్ కూడా అంతే.

లెక్క వేద్దాం. సెంటీమీటరు పొడవు, సెంటీమీటరు వెడల్పు జాబ్. కాగితం మీద పట్టు పది కిలోలు. టెంపరింగ్ చేసిన ఉక్కు, అడుగు పూర్తిగా నున్నగా లేదు, సగం పోయిందనుకుందాం, ఐదు కిలోలు. తడి రాపిడికి అందులో పదో వంతు నుంచి ఐదో వంతు మిగులుతాది. అంటే పక్కకి ఆపే బలం అరకిలో నుంచి కిలో. వీల్ మొద్దుబారి ఉండి, కోత ఒక్కసారి ఎక్కువ ఇస్తే ఆ తోపు దీన్ని దాటేస్తాది. పది కిలోలు ఉంది కదా అని ధీమాగా నిలబడ్డోడి చేతిలో నిజంగా ఉన్నది అరకిలో.

వల కన్ను లెక్క

అలగైతే ఇంకా పెద్ద పవరు కొంటే పోలేదా అంటారు. పోదు. చిన్న ముక్కకి కావాల్సింది పెద్ద బలం కాదు, దగ్గర గీతలు.

చక్ పైభాగం చూడండి. ఉక్కు పట్టీ, ఇత్తడి పట్టీ, మళ్లీ ఉక్కు, మళ్లీ ఇత్తడి. పక్కపక్క ఉక్కు పట్టీలు ఒకటి ఉత్తరం, ఒకటి దక్షిణం. మాగ్నెట్ బలం ఉత్తరం పట్టీలోంచి లేచి, జాబ్ లోపలి నుంచి వెళ్లి, దక్షిణం పట్టీలోకి దిగాల. ఆ దారి పూర్తయితేనే పట్టు. జాబ్ కనీసం రెండు పట్టీల మీద, మధ్యలో ఇత్తడి గీతని దాటుతూ కూర్చోవాల. మూడు నాలుగు గీతలు దాటితే ఇంకా మంచిది.

మామూలు చక్‌లో ఉక్కు పట్టీ 11 మిల్లీమీటర్లు, ఇత్తడి 3 మిల్లీమీటర్లు ఉందనుకోండి. పది మిల్లీమీటర్ల జాబ్ పూర్తిగా ఒక్క ఉక్కు పట్టీ మీదే కూర్చుండిపోతాది. దారి పూర్తవదు. చేత్తో తోస్తే కదిలిపోతాది. దాని కింద ఎంత పవరున్నా దండగే. అదే సన్న గీతల చక్‌లో ఉక్కు ఒకటిన్నర, ఇత్తడి అర మిల్లీమీటరు అయితే, రెండు మిల్లీమీటర్లకి ఒక గీత. పది మిల్లీమీటర్ల జాబ్ కింద ఐదు గీతలు. అదే జాబ్ మేకు కొట్టినట్టు నిలబడతాది.

మన తీరంలో వేటకెళ్లే వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. నెత్తళ్లకి పెద్ద కన్ను వల వేస్తే ఏటవుతాది? వల ఎంత గట్టి తాడుతో అల్లినా చేప జారిపోతాది. చేపని బట్టి కన్ను, జాబ్‌ని బట్టి గీత.

అలాగని అందరూ సన్న గీతలదే కొనాలని కాదు. గీతలు ఎంత దగ్గరగా ఉంటే మాగ్నెట్ బలం అంత తక్కువ ఎత్తులోనే తిరిగి కిందికి దిగిపోతాది. అడుగు ఎగుడుదిగుడుగా ఉన్నా, తుప్పు పట్టినా, మధ్యలో చిన్న సందున్నా సన్న గీతల పట్టు చప్పున పడిపోతాది. మందంగా, మోటుగా ఉన్న పెద్ద దిమ్మలకి వెడల్పు గీతలే మేలు. కానీ మా కుర్రోడు చేసేది బ్లేడ్లు, స్పేసర్లు, పంచులు. వాడికి సన్న గీతలే.

ఇప్పటికే పెద్ద గీతల చక్ ఉండి, ఓనరు కొత్తది కొనని షెడ్లలో ఒక దారి ఉంది. సన్నటి ఉక్కు, ఇత్తడి రేకులు వరసగా అతికించి చేసిన పలకలు దొరుకుతాయి. పెద్ద చక్ మీద అది వేసి, దాని మీద జాబ్ పెట్టొచ్చు. పట్టు కొంత తగ్గుతాది, కానీ చిన్న ముక్క ఒక్క పట్టీ మీద గాల్లో దీపంలాగ ఉండడం కన్నా నయం. గీతలు ఎక్కడున్నాయో తెలియకపోతే వీల్ ఆపి, చక్ మీద తెల్ల కాగితం పరిచి గ్రైండింగ్ పొడి కొంచెం చల్లండి. పొడి వరసలు కట్టి గీతలన్నీ చూపించేస్తాది. పొడుగు జాబ్ అయితే దాని పొడుగు గీతలకి అడ్డంగా పడేటట్టు పెట్టాల.

కరెంటు పోతే ఏటవుతాది

చక్‌లు మూడు రకాలు.

మొదటిది పర్మనెంట్. లోపల శాశ్వత మాగ్నెట్లు. పక్కన పిడి తిప్పితే లోపలి మాగ్నెట్ల వరస జరిగి పట్టుకుంటాది, వెనక్కి తిప్పితే ఒగ్గేస్తాది. కరెంటు అక్కర్లేదు, వేడెక్కదు. బలం పెంచడం తగ్గించడం కుదరదు.

రెండోది కరెంటు మాగ్నెట్. లోపల తీగ చుట్టలు. బలం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. పని అయ్యాక కరెంటుని అటూ ఇటూ తిప్పి జాబ్‌లో మిగిలిన మాగ్నెట్ గుణం తీసేసుకోవచ్చు. పెద్ద బల్లలకి ఇది బాగుంటాది. కానీ గంటల తరబడి పనిచేస్తే వేడెక్కుతాది. ఉక్కు మీటరు పొడవుకి ఒక్క డిగ్రీకి సుమారు 11, 12 మైక్రాన్లు సాగుతాది. వంద మిల్లీమీటర్ల మీద ఐదు డిగ్రీలు పెరిగితే ఆరు మైక్రాన్లు. ఐదు మైక్రాన్ల లోపల కొలత కావాలన్న పనికి అదే చాలు పాడవడానికి. అన్నిటికన్నా పెద్ద సంగతి, కరెంటు పోతే పట్టు పోతాది. వీల్ మోటరుకీ అప్పుడే కరెంటు పోతాది గదా అనొచ్చు. పోతాది, కానీ బరువున్న వీల్ తన ఊపు మీద ఇంకా చాలాసేపు తిరుగుతూనే ఉంటాది. బాలానగర్‌లో నేను చూసింది అదే.

మూడోది రెండూ కలిసినది, ఎలక్ట్రో పర్మనెంట్. ఆన్ చేయడానికి, ఆఫ్ చేయడానికి ఒక్క క్షణం కరెంటు చాలు. ఆ తరవాత శాశ్వత మాగ్నెట్లే పట్టుకుని ఉంటాయి. కరెంటు పోయినా ఒగ్గదు. మంచిదే, ఖరీదు ఎక్కువ.

ఇప్పుడు మన ప్రాంతం సంగతి ఆలోచించండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మన తీరం మీదే దాటింది. కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలు పడిపోయినాయి. రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. తుపాను లేని రోజున కూడా గాలీ వానా వస్తే లైను పోతాది, ఓల్టేజి ఊగుతాది. అలాంటి చోట, సైజు చిన్న జాబులకి, ఒక్కడే నడుపుకునే షెడ్డుకి నా సలహా పర్మనెంట్, సన్న గీతలది. కరెంటు మాగ్నెట్టే కొనాల్సి వస్తే ఇంటర్‌లాక్ ఉందా అని అడగండి. అంటే మాగ్నెట్‌కి కరెంటు లేకపోతే వీల్, బల్ల మొదలవకూడదు. నడుస్తుండగా కరెంటు పోతే బ్యాటరీ కొంతసేపు మాగ్నెట్‌ని నిలబెట్టాల. ఈ రెండూ లేని కరెంటు చక్ చవగ్గా వస్తే, ఆ తగ్గింపు ఎవరి ఒంట్లోంచి వస్తాదో లెక్క కట్టుకోండి.

పర్మనెంట్‌కీ ఒక గండం ఉంది. పిడి తిప్పడం మరిచిపోవడం, లేకపోతే సగమే తిప్పడం. నాకు తెలిసి షెడ్లలో ఎగిరిన ముక్కల్లో చాలా వాటికి కారణం ఇదే. వీల్ ఆన్ చేసే ముందు, వీల్ ఆగి ఉండగానే, ప్రతి జాబ్‌నీ చేత్తో తోసి చూడాల. రోజుకి నూరు సార్లయినా తోసి చూడాల.

పల్చటి ముక్క, తాటాకు బుద్ధి

పల్చటి స్పేసర్లు, రేకులు వస్తే ఇంకో చిక్కు. వంశధార ఎడమ కాలువ నీళ్లన్నీ ఒక పిల్లకాలువలోకి ఒగ్గితే ఏటవుతాది? గట్లు దాటి పొర్లుతాది. పల్చటి ఉక్కు కూడా అంతే. కొంత మాగ్నెట్ బలమే మొయ్యగలదు. మిగిలినది జాబ్ దాటి పైకి పొర్లి పొడిని లాగుతాది, పట్టుకి పనికిరాదు. ఇక్కడ కూడా సన్న గీతలే దిక్కు, ఎందుకంటే అక్కడ బలం తక్కువ ఎత్తులోనే తిరుగుతాది.

పైగా పల్చటి ముక్క కొంచెం వంకరగా ఉంటే మాగ్నెట్ దాన్ని చదునుగా లాగేసుకుంటాది. పైన నున్నగా గ్రైండ్ చేస్తాం, కొలత బాగుంటాది, సంతోషిస్తాం. పిడి వెనక్కి తిప్పగానే తాటాకు చుట్టుకున్నట్టు మళ్లీ పాత వంకరకి పోతాది. పెద్ద పవరు ఇక్కడ శత్రువు. వంకర ఉన్న చోట కింద పల్చటి రేకు ముక్క పెట్టి, లాగకుండా ఆనేటట్టు చేసి, ఒక వైపు కొంచెం కోసి, తిరగేసి రెండో వైపు కొంచెం కోసి, మళ్లీ తిరగేస్తూ రావాల. ఓపిక కావాల. పీసు రేటు మీద పనిచేయించే షెడ్డులో ఈ ఓపికకి డబ్బు ఇవ్వరు, తప్పు మాత్రం పనోడి మీద వేస్తారు.

మాగ్నెట్‌కి లొంగనివి

ఇత్తడి, రాగి, అల్యూమినియం అంటుకోవు, అది అందరికీ తెలుసు. స్టెయిన్‌లెస్ దగ్గర మోసపోతారు. మన ఇంట్లో 304 రకం స్టీలు గ్లాసు దాదాపు అంటుకోదు. ఇప్పటి రూపాయి బిళ్ల కూడా స్టెయిన్‌లెస్సే, కానీ అంటుకుంటాది. 410, 420, 440 రకాలు అంటుకుంటాయి. కార్బైడ్ అయితే లోపలి కోబాల్ట్ వల్ల ఏదో కొంచెం లాగినట్టే ఉంటాది, ఆ లాగుడుని నమ్ముకోకూడదు. జాబ్ ఏ లోహమో అడిగి, చిన్న మాగ్నెట్ పెట్టి చూసి, తరవాతే చక్ ఎక్కించండి. లొంగని వాటికి చక్ మీద ఉక్కు ప్రెసిషన్ వైస్ పెట్టి అందులో బిగించండి. గాలి పీల్చి పట్టే వాక్యూమ్ చక్‌లు కూడా ఉన్నాయి, కానీ మరీ చిన్న ముక్కకి వాటి పట్టు చాలదు.

జీడి బ్లేడ్లకి వాలు ఉంటాది. వాలు కొట్టడానికి సైన్ చక్ అని వస్తాది. ఒక వైపు మడతబందు, రెండో వైపు కింద రోలరు. రోలర్ల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు అయితే, రెండో రోలరు కింద 50 మిల్లీమీటర్ల గేజ్ పెడితే సరిగ్గా 30 డిగ్రీల వాలు. మొదట్లో అది కొనక్కర్లేదు. పని పెరిగినాక చూసుకోవచ్చని వాడికి చెప్పినాను.

చుట్టూ కాపు, పైన చదును

ఎంత మంచి చక్ కొన్నా చిన్న జాబ్‌ని ఒంటరిగా ఒగ్గకూడదు. చుట్టూ జాబ్ కన్నా కొంచెం పొట్టిగా ఉండే ఉక్కు పట్టీలు ఆనించాల. వాటికి అడుగు వెడల్పు ఎక్కువ, గీతలు ఎక్కువ దాటుతాయి కాబట్టి అవి కదలవు. వీల్ తోసే వైపు మొదట, తరవాత వెనక, తరవాత పక్కలు. జాబ్ ఎత్తులో సగానికి పైన అందితేనే కాపు, మరీ పొట్టి పట్టీ అయితే జాబ్ దాని మీద నుంచి బోర్లా పడతాది.

కొత్త చక్ బిగించినాక దాని పైభాగాన్ని అదే మిషన్ మీద, మాగ్నెట్ ఆన్‌లో పెట్టి, కూలెంటుతో, చాలా సన్న కోతతో ఒకసారి గ్రైండ్ చేసుకోవాల. అప్పుడే చక్ పైభాగం వీల్ నడకకి సమానంగా వస్తాది. పైపలక మందం అలా అలా తరుగుతాది కాబట్టి ఊరికే చేయకూడదు. రోజూ చేసేది మాత్రం తుడవడం, చేత్తో తడిమి గరుకు తగిలితే సాన రాయితో నెమ్మదిగా తీయడం. చక్ ఎత్తు కూడా చూసుకోండి. వీల్‌కీ బల్లకీ మధ్య ఉన్న జాగాలో చక్ తన ఎత్తు తినేస్తాది. పాత మిషన్లలో ఆ జాగా తక్కువ ఉంటే జాబ్ పెట్టడానికే చోటు మిగలదు.

పని అయినాక టెంపరింగ్ ఉక్కులో మాగ్నెట్ గుణం మిగిలిపోతాది. పొడి అతుక్కుంటాది, తరవాత ఆ బ్లేడు మిషన్‌లో కూర్చున్నప్పుడు అదే పొడి దాన్ని అరగదీస్తాది. చిన్న డీమాగ్నెటైజర్ మీద నుంచి జాబ్‌ని నెమ్మదిగా దూరంగా లాగితే పోతాది. ఇంకొక్కటి, గుండెకి పేస్‌మేకర్ పెట్టించుకున్న వాళ్లని ఈ చక్‌ల దగ్గరికి రానివ్వకండి.

చట్టం ఏటంటాది

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 30వ సెక్షన్‌లో గ్రైండింగ్ గురించి ఉండేది. ప్రతి గ్రైండింగ్ మిషన్ దగ్గర ఆ వీల్ ఎంత వేగం వరకు సురక్షితమో రాసిన నోటీసు పెట్టాలంది. నేను పనిచేసిన షెడ్లలో ఆ కాగితం ఒక్క చోట కూడా చూడలేదు. పైగా ఆ చట్టం మొదట రాసినప్పుడు కరెంటు వాడే చోట పది మంది పనివాళ్లుంటేనే ఫ్యాక్టరీ కింద లెక్క. నలుగురు పనిచేసే షెడ్డు దాని కంటికి ఆనేది కాదు. వేలు పోయేది మాత్రం ఎక్కువగా అలాంటి షెడ్లలోనే.

నాకు తెలిసిన ఐటీఐ పిల్లల్ని, మిషన్ల మీద పనిచేసి వచ్చిన పిల్లల్ని కూర్చోబెట్టి అడిగినాను. చక్ ఆన్ చేయడం అందరికీ తెలుసు. గీతల దూరం ఎందుకు చూడాలో ఒక్కడు కూడా చెప్పలేదు. అది వాళ్ల తప్పు కాదు. చెప్పాల్సినోళ్లు చెప్పలేదు, అంతే. మన జిల్లా ఐటీఐలలో ఈ పాఠం తెలుగులో, మిషన్ ముందు నిలబెట్టి చెప్పాల. చక్ అమ్మేవాళ్లు కొటేషన్ మీద పట్టు బలంతో పాటు గీతల దూరం, కరెంటు పోతే ఏటవుతాదో రాసి ఇవ్వాల. ఓనర్లు కాపు పట్టీలు మిషన్‌తో పాటే కొనాల, పనోడి చేత ఏరుకొచ్చిన తుక్కుతో సరిపెట్టించకూడదు. ప్రమాదం జరిగినప్పుడు "చూపెక్కడ పెట్టినావు" అనే ముందు "నేను కొన్నదేటి" అని ఓనరు తనని తాను అడుక్కోవాల.

మా కుర్రోడికి నాలుగు ప్రశ్నలు రాసి ఇచ్చినాను. నా జాబ్ అడుగు కింద ఎన్ని గీతలు పడతాయి? కరెంటు పోతే పట్టు ఉంటాదా? నా మిషన్‌లో ఇది పెట్టినాక ఎంత ఎత్తు మిగులుతాది? పైపలక ఎంతవరకు గ్రైండ్ చేసుకోవచ్చు? మొదటి డీలరు రెండింటికే జవాబు చెప్పినాడంట. ఇంకో డీలరు దగ్గరికి ఒక బ్లేడు, ఒక స్పేసరు జేబులో వేసుకుని వెళ్లినాడు. వాటిని చక్ మీద పెట్టించి, పిడి తిప్పించి, తన చేత్తో తోసి చూసి, అప్పుడు అడ్వాన్స్ ఇచ్చినాడు.

నిన్న ఫోన్ చేసినాడు. "సిన్నాన్నా, నాతో పాటు ఇద్దరు కుర్రోల్ని ఎట్టుకుంతన్నాను. గోడ మీద ఏటి రాయించమంతావు?"

"వీల్ ఆగున్నప్పుడు ప్రతి ముక్కా తోసి చూడండి అని రాయించు" అన్నాను. "దాని కింద, తోస్తే కదిలిన ముక్కకి పని ఆపినోడికి కూలి కొయ్యం అని కూడా రాయించు. ఓనరువి నువ్వే గదా ఇప్పుడు."

కాసేపు మాట్లాడలేదు వాడు. తరవాత, "రాయిస్తాను" అన్నాడు. నేను షెడ్డు తెరిచిన రోజు వెళ్లి ఆ గోడ చూసి వస్తాను.